ఎక్కువగా ఆగి ఉండే కారుకి ఎన్ని ఆంపియర్ల ఛార్జర్ కొనాలి? బైకుకి కూడా అదే పనికొస్తుందా?

నిలిచిన_చక్రం:

అందరికీ నమస్తే. ఇంటి నుంచే పని కావడంతో మా కారు చాలావరకు పార్కింగ్‌లోనే ఉంటోంది, రెండు మూడు వారాలకోసారి తీస్తాను, తీసిన ప్రతిసారీ ఒకటే టెన్షన్, తాళం తిప్పితే స్టార్ట్ అవుతుందా లేక టిక్కు టిక్కుమని ఊరుకుంటుందా అని. ఇప్పటికే చాలాసార్లు పక్క ఫ్లాటువాళ్ల కారు నుంచి జంపర్ కేబుల్స్ వేసి లేపాను. వాళ్లేమీ అనరు గానీ మళ్లీ మళ్లీ అడగాలంటే నాకే మొహమాటంగా ఉంది. సొంతంగా ఒక ఛార్జర్ కొనుక్కుందామని చూస్తే ఇంకా అయోమయంలో పడ్డాను. 2 ఆంపియర్లది ఉంది, 5ది ఉంది, 15ది ఉంది, ఒకదాని మీద స్మార్ట్ అని, ఇంకోదాని మీద రిపేర్ మోడ్ అని రాసుంది, ఏడు దశలు ఎనిమిది దశలు అంటారు, అవన్నీ నిజంగా కావాలా?

కారు బ్యాటరీ మీద 12 వోల్టులు, 45 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ ఎంత పట్టుకుంటుందో చెప్పే లెక్క) అని ఉంది, నీళ్లు పోసే మూతలు కనపడట్లేదు, కొని మూడేళ్లు దాటింది. బైకుది కూడా 12 వోల్టులే, 5 ఏహెచ్. ఎన్ని ఆంపియర్లది తీసుకోవాలి? పెద్దది తీసుకుంటే తొందరగా ఎక్కుతుంది కదా, అందులో నష్టం ఏమైనా ఉందా? బ్యాటరీ కారులోనే ఉంచి ఛార్జ్ పెట్టొచ్చా? రెండు బండ్లకీ ఒకటే చాలా?

డిస్టిల్డ్_వాటర్:

ఛార్జర్ కొనే ముందు ఒక మల్టీమీటర్ కొనండి లేదా ఎవరిదైనా అడగండి, ఎందుకంటే బ్యాటరీయే పోయి ఉంటే ఎంత మంచి ఛార్జర్ తెచ్చినా దండగే. బండి ఆపి కనీసం నాలుగైదు గంటలు అయ్యాక, వీలైతే ఒక రాత్రి గడిచాక, టెర్మినల్స్ దగ్గర వోల్టేజ్ చూడండి. 12.6 లేదా 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం, 12.0కి వచ్చిందంటే పావు వంతే మిగిలినట్టు. 12 అని రాసుంది కదా 12 ఉంటే బాగానే ఉన్నట్టు అనుకునేవాళ్లు చాలామంది, అది దాదాపు ఖాళీ బ్యాటరీ. తర్వాత ఎవరినైనా స్టార్ట్ చేయమని చెప్పి, సెల్ఫ్ తిరిగేటప్పుడు మీటర్ ఎంతకి పడిపోతుందో చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా 9.6 కంటే కిందికి పడిపోతుంటే దాని పని అయిపోవచ్చినట్టే. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ (ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని నింపేది) బాగున్నట్టు. కొన్ని కొత్త కార్లలో వోల్టేజ్‌ని కంప్యూటరే పెంచి తగ్గిస్తుంటుంది కాబట్టి ఒక్కసారి చూసి కంగారు పడొద్దు.

ఇక ఆంపియర్లు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి దాని ఏహెచ్‌లో పదో వంతు కరెంట్ హాయిగా సరిపోతుంది, అంటే మీ 45కి నాలుగున్నర, అటూ ఇటూగా 4 నుంచి 6 మధ్య ఏదైనా ఓకే. 15ది తీసుకుంటే మూడు రెట్లు తొందరగా ఎక్కుతుందని అనుకోకండి. మొదట్లో గబగబా ఎక్కుతుంది నిజమే, కానీ వోల్టేజ్ 14.4 దగ్గరికి రాగానే బ్యాటరీయే ఇక తీసుకోనంటుంది, అక్కడి నుంచి కరెంట్ దానంతట అదే తగ్గుతూ పోతుంది, చివరి ఇరవై శాతం ఎక్కడానికి ఏ ఛార్జర్‌తో అయినా గంటలు పడుతుంది. ఈ లోపు ఎక్కువ కరెంట్ తోస్తే వేడెక్కి లోపలి నీరు ఆవిరవుతుంది, మూతల్లేని బ్యాటరీలో మళ్లీ నీళ్లు పోసే దారి కూడా లేదు.

మీ కారుది సగానికి పైగా దిగిపోయిందనుకుందాం, 25 ఏహెచ్ దాకా ఎక్కించాలి. 5 ఆంపియర్లతో అయిదారు గంటలు, పైన ఆ చివరి భాగానికి ఇంకొన్ని గంటలు, రాత్రి పెడితే పొద్దున్నకి అయిపోతుంది. అదే 2తో అయితే ఒక పగలూ రాత్రీ పడుతుంది, తొందర లేనివాళ్లకి అదీ మంచిదే.

బైకు సంగతి వేరు. 5 ఏహెచ్‌కి పదో వంతు అంటే అర ఆంపియర్, మహా అయితే ఒకటి. కారు ఛార్జర్ 5 ఆంపియర్ల మీద పెట్టి బైకుకి తగిలిస్తే బ్యాటరీ ఉడికిపోతుంది. కాబట్టి ఒకటే కొనాలంటే చిన్న బ్యాటరీ మోడ్ ఉన్నది చూడండి, సాధారణంగా బైకు బొమ్మ వేసి ఉంటుంది, ఆ మోడ్‌లో ఒక ఆంపియర్ లేదా అంతకంటే తక్కువ ఇస్తుంది. బొమ్మ ఉందని సరిపెట్టుకోకుండా ఆ మోడ్‌లో ఎంత ఇస్తుందో పెట్టె వెనక చదవండి.

ఇనప_డబ్బా:

ఈ స్మార్ట్ ఛార్జర్లు బ్యాటరీ బాగున్నప్పుడే స్మార్ట్ తమ్ముడూ. పూర్తిగా పడిపోయిన బ్యాటరీకి తగిలిస్తే అసలు బ్యాటరీయే లేదన్నట్టు ఎర్ర లైటు వేసి కూర్చుంటాయి. మా షెడ్డులో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత ఇనప ఛార్జర్ ఉంది, ముందు ఒక ముల్లు మీటర్, ఒక స్విచ్, అంతే. ఎంత చచ్చిన బ్యాటరీకైనా ముల్లు కదులుతుంది, ఎక్కుతున్న కొద్దీ ముల్లు దిగుతుంది, కళ్ల ముందు తెలుస్తుంది. చెడిపోతే డయోడ్లు మార్చుకుంటే చాలు. స్మార్ట్‌ది చెడిపోతే పారేయడమే. ఏడు దశలు తొమ్మిది దశలు అన్నవి పెట్టె మీద రాసుకోవడానికి.

ఆరు_సెల్స్:

ఇనప_డబ్బా గారు చెప్పింది సగం ఒప్పుకుంటాను. దశల లెక్క నిజంగానే ఎక్కువగా అమ్మకానికే, పని చేసేవి మూడు. మొదట నికరంగా ఒకే కరెంట్ తోస్తుంది, తర్వాత వోల్టేజ్‌ని 14.4 దగ్గర పట్టి ఉంచి కరెంట్ తగ్గనిస్తుంది, నిండాక 13.5 దగ్గరికి దించి అలా నిలిపి ఉంచుతుంది. మిగతావన్నీ టెస్ట్ చేస్తున్నా, చూస్తున్నా అని చెప్పుకోవడాలు.

కానీ మిగతా సగం దగ్గరే ప్రమాదం. ఆ పాత ఛార్జర్‌కి ఎక్కడ ఆగాలో తెలియదు. బ్యాటరీ నిండాక కూడా తోస్తూనే ఉంటుంది, వోల్టేజ్ 15, 16 దాటి పోతుంది. మూతలు తీసి నీళ్లు పోసుకునే బ్యాటరీకి పక్కన మనిషి ఉంటే నడుస్తుంది. అడిగినాయన రాత్రి పెట్టి పడుకుందామనుకుంటున్నారు, అందులోనూ మూతల్లేని బ్యాటరీ, కారులో నుంచి తీయకుండా. 16 వోల్టులు కారు ఎలక్ట్రానిక్స్‌లోకి వెళ్లడం నాకైతే అస్సలు ఇష్టం లేదు.

ఎర్ర లైటు గోలకి ఉపాయం ఉంది. చాలా స్మార్ట్ ఛార్జర్లు రివర్స్ కనెక్షన్ (ప్లస్ మైనస్ తారుమారు కావడం) నుంచి, షార్ట్ నుంచి కాపాడటానికి ముందు కొంత వోల్టేజ్ కనపడితే గానీ కరెంట్ వదలవు. పడిపోయిన బ్యాటరీకి ఒక మంచి 12 వోల్టుల బ్యాటరీని జంపర్ కేబుల్స్‌తో ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి, అప్పుడు ఛార్జర్ తగిలిస్తే గుర్తు పడుతుంది, కాసేపయ్యాక మంచి బ్యాటరీని తీసేయొచ్చు. అయితే అంత కిందికి పడిపోయి వారాలు గడిచిన బ్యాటరీ మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఖాళీగా ఉన్న కొద్దీ లోపలి పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, అది మళ్లీ సులువుగా కరగదు. ఉబ్బినా, గడ్డకట్టినా అసలు ఛార్జ్ పెట్టనే కూడదు.

రిపేర్ మోడ్ అడిగారు కదా. అది వోల్టేజ్‌ని 15, 16 దాకా పెంచి ఆ సల్ఫేట్‌ని కొంత వదిలించే ప్రయత్నం. కొత్తగా పేరుకున్నదైతే కొంచెం ఫలితం ఉంటుంది, ముసలి బ్యాటరీకి యవ్వనం రాదు. అది కూడా నీళ్లు పోసే రకానికే, అదీ కారు నుంచి విడదీసి. దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

ఇనప_డబ్బా:

రాత్రంతా వదిలేయమని నేనెక్కడన్నాను? పక్కన ఉండి చూసుకునేవాడికే అది. అలా ఉండలేనివాళ్లు స్మార్ట్‌దే కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. నీళ్లు పోసే రకం వాడేవాళ్లకి ఒక మాట, నీళ్లు ఛార్జ్ అయ్యాక పోయాలి, ముందు నిండా పోస్తే ఛార్జ్ అవుతుండగా మట్టం పెరిగి యాసిడ్ పైకి పొంగుతుంది. పలకలు బయటికి కనపడుతుంటే మాత్రం అవి మునిగేంత వరకు ముందే పోయాలి. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ వద్దు.

ఏజీఎం_వాడిని:

ఇక్కడ ఎవరూ అడగని ముఖ్యమైన ప్రశ్న: మీ కారుకి సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతట అదే ఆగిపోయే స్టార్ట్ స్టాప్ ఉందా? ఉంటే అది మామూలు బ్యాటరీ కాకపోవచ్చు, మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ అయి ఉంటుంది, పైన స్టిక్కర్ మీద రాసే ఉంటుంది. ఏజీఎంకి 14.4 నుంచి 14.8 దాకా కావాలి, జెల్ (లోపల యాసిడ్ ముద్దలా ఉండే రకం) బ్యాటరీకి అంత పనికిరాదు, 14.1 నుంచి 14.4 మధ్యలో ఆగాలి. బ్యాటరీ రకం ఎంచుకునే బటన్ ఉన్న ఛార్జర్ అయితే ఈ గొడవ ఉండదు. బయట చలిగా ఉంటే వోల్టేజ్ కాస్త ఎక్కువ, ఎండగా ఉంటే కాస్త తక్కువ కావాలి, దాన్ని తనే సర్దుకునే ఛార్జర్లు ఉన్నాయి, బండి ఆరుబయట ఉండేవాళ్లు అది చూసుకోవాలి.

లిథియం వేసుకున్న బైకులకి మాత్రం ఈ లెడ్ యాసిడ్ ఛార్జర్లు పెట్టొద్దు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 3.2 వోల్టుల సెల్స్ నాలుగు ఉంటాయి, పై హద్దు 14.6, రిపేర్ మోడ్ తగిలితే దాని రక్షణ సర్క్యూట్ కట్ చేసుకుంటే అదృష్టం. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు కూడా. లిథియం అని స్పష్టంగా రాసి ఉన్న ఛార్జరే వాడాలి.

ఇంకోటి, కారులోనే ఉంచి పెట్టేటప్పుడు ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి, నల్ల క్లిప్పు మాత్రం బ్యాటరీ మైనస్‌కి కాకుండా ఇంజన్ మీద గానీ బాడీ మీద గానీ రంగు లేని గట్టి లోహానికి పెట్టండి. స్టార్ట్ స్టాప్ కార్లలో మైనస్ టెర్మినల్ మీద ఒక చిన్న సెన్సర్ ఉంటుంది, లోపలికి ఎంత వెళ్లింది బయటికి ఎంత వచ్చింది అని అది లెక్క రాసుకుంటుంది. నేరుగా టెర్మినల్‌కి పెడితే మీరు ఎక్కించింది దాని లెక్కలోకి రాదు, బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మాత్రం ఖాళీ అనుకుని స్టార్ట్ స్టాప్ ఆపేసి కూర్చుంటుంది. సెన్సర్ లేని కార్లకి కూడా ఈ పద్ధతే మంచిది, నిప్పురవ్వ వచ్చినా బ్యాటరీకి దూరంగా వస్తుంది. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలిలో నాలుగు శాతం చేరితే చాలు అంటుకోవడానికి. అందుకే ముందు క్లిప్పులు పెట్టి ఆ తర్వాతే ప్లగ్గు స్విచ్ వేయాలి, తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపి ఆ తర్వాత క్లిప్పులు తీయాలి.

నిలిచిన_చక్రం:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మీటర్ దొరికింది. పొద్దున చూస్తే 12.1 ఉంది, స్టార్ట్ చేస్తున్నప్పుడు 10 దగ్గర ఆగింది, నడుస్తున్నప్పుడు 14.2. స్టార్ట్ స్టాప్ లేదు, మామూలు బ్యాటరీయే. అంటే బ్యాటరీ ఇంకా బాగానే ఉన్నట్టేనా? కారు తీసిన ప్రతిసారీ పావుగంట నడుపుతున్నాను, అయినా ఎందుకు నిండట్లేదు? ఇంకో చిక్కు, మా పార్కింగ్ సెల్లార్‌లో ఉంది, దగ్గర్లో ప్లగ్ పాయింట్ లేదు.

డిస్టిల్డ్_వాటర్:

12.1 మీద ఉండి కూడా 10 దగ్గర నిలబడిందంటే బ్యాటరీలో ఇంకా ప్రాణం ఉంది, ఖాళీగా ఉంది అంతే. పావుగంట నడపడం అనేది స్టార్ట్ చేసినప్పుడు పోయినదాన్ని, ఇంకో కాస్తనీ తిరిగి ఇస్తుంది, మూడు వారాల్లో కారిపోయింది దాంతో రాదు. నిలబెట్టి ఐడిల్‌లో ఉంచితే ఇంకా దండగ, హెడ్‌లైట్లు ఏసీ వేస్తే వచ్చింది వచ్చినట్టే పోతుంది.

మూడు వారాలంటే సుమారు 500 గంటలు. తాళం వేసి ఉన్న కారు కూడా అలారం, సెంట్రల్ లాక్, కంప్యూటర్ల కోసం కొంచెం కరెంట్ తింటూనే ఉంటుంది, 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల దాకా మామూలే. 50 అనుకుంటే 25 ఏహెచ్, మీ 45లో సగానికి పైనే. కారులో ఏ లోపమూ లేకపోయినా ఇలా దిగుతుంది. అంతకంటే ఎక్కువ తింటుంటే మాత్రం కారణం వెతకాలి. మీరు విడిగా పెట్టించినవి ఏమైనా ఉన్నాయా, డాష్‌క్యామ్, ట్రాకర్, పెద్ద స్పీకర్లు లాంటివి?

ఆరు_సెల్స్:

కొలవడం కష్టం కాదు. మైనస్ కేబుల్ ఊడదీసి, మీటర్ ఎర్ర తీగని 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, మీటర్‌ని కేబుల్‌కీ బ్యాటరీకీ మధ్యలో కలపాలి. తలుపులు మూసి లాక్ చేసి అరగంట ఆగాలి, కంప్యూటర్లు నిద్రపోవడానికి టైమ్ పడుతుంది, వెంటనే చూస్తే ఆంపియర్లలో కనపడి హడలిపోతారు. మీటర్ మధ్యలో ఉండగా తలుపు తీయొద్దు, పొరపాటున కూడా స్టార్ట్ చేయొద్దు, ఫ్యూజు పోతుంది. ఎక్కువ కనపడితే ఒక్కొక్క ఫ్యూజు తీసి చూస్తూ పోతే దొంగ దొరుకుతాడు.

నిలిచిన_చక్రం:

దొరికాడండీ! స్టీరింగ్ కింద డయాగ్నస్టిక్ సాకెట్‌లో చిన్న ట్రాకర్ ఒకటి పెట్టించాం, పెట్టించి దాని సంగతే మర్చిపోయాను. అది ఉంటే 70 మిల్లీఆంపియర్లు, పీకేస్తే 30. ఇప్పుడు పీకేశాను. ఇక ఛార్జర్ అక్కర్లేదా?

డిస్టిల్డ్_వాటర్:

70తో రోజుకి 1.7 ఏహెచ్, మూడు వారాల్లో 35 పోతుంది, మిగిలిన పదితో ఏం స్టార్ట్ అవుతుంది పాపం. 30తో అయితే 15 పోతుంది, నిండు బ్యాటరీ మూడు వారాల తర్వాత కూడా లేస్తుంది. కానీ నిండు బ్యాటరీ అన్నాను, మీదిప్పుడు నిండుగా లేదు, ఒకసారి పూర్తిగా ఎక్కించి తీరాలి. ఎంత తొందరగా ఎక్కిస్తే అంత మంచిది, సగం ఖాళీగా ఉంచితే సల్ఫేట్ పట్టేది ఇప్పుడే. కాబట్టి ఛార్జర్ కొనండి. 4 లేదా 5 ఆంపియర్లది, ఆటోమేటిక్‌గా ఆగేది, బైకు మోడ్ ఉన్నది చాలు. దుమ్మూ వానా తగిలే చోట వాడేట్టయితే ఐపీ65 (దుమ్మూ నీటి జల్లూ లోపలికి పోవని చెప్పే గుర్తు) అని ఉన్నది చూసుకోండి. బైకుకి ఎప్పటికీ ఉంచేసే రింగుల వైరు ఒకటి కొన్నిటితో వస్తుంది, దాన్ని టెర్మినల్స్‌కి బిగించి చివర బయటికి వదిలితే ప్రతిసారీ సీటు ఊడదీసే పని ఉండదు.

ఆరు_సెల్స్:

ప్లగ్ పాయింట్ లేకపోవడం గురించి. సోలార్ పలక పెట్టమని ఎవరైనా చెప్తారు, సెల్లార్‌లో ఎండ ఎక్కడిది, వదిలేయండి. ఆరుబయట పెట్టుకునేవాళ్లు కూడా సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే రకం కొనేముందు ఇంజన్ ఆపి తాళంచెవి బయటికి తీశాక ఆ సాకెట్‌లో కరెంట్ ఉంటుందో లేదో చూసుకోవాలి, చాలా కార్లలో ఉండదు. అపార్ట్‌మెంట్ వాళ్లని అడిగితే రెండు నెలలకో రాత్రి ఎక్స్‌టెన్షన్ వైరు వేసుకోనిస్తారేమో చూడండి. 5 ఆంపియర్ల ఛార్జర్ గోడ దగ్గర తీసుకునేది వంద వాట్లకి అటూ ఇటూగానే, ఫ్యాను కంటే కాస్త ఎక్కువ, ఈ లెక్క చెప్తే మామూలుగా ఒప్పుకుంటారు. పొడుగు వైరు అనేది గోడ వైపు ఉండాలి. ఛార్జర్ నుంచి బ్యాటరీకి వెళ్లే తీగల్ని మీరు అతికి పొడిగించొద్దు, అక్కడ వోల్టేజ్ పడిపోతే ఛార్జర్ లెక్కలన్నీ తప్పుతాయి.

ఒప్పుకోకపోతే బ్యాటరీ ఊడదీసి పైకి తెచ్చుకోవడమే, పది పన్నెండు కిలోలు ఉంటుంది. బాల్కనీలో పెట్టండి, పడగ్గదిలో వంటింట్లో వద్దు.

నిలిచిన_చక్రం:

సెక్రటరీ గారిని అడిగితే, వాచ్‌మన్ గది దగ్గర పాయింట్ ఉంది గానీ కారు అక్కడిదాకా తేవడం కుదరదు అన్నారు. ఊడదీయడమే దారి. ఊడదీస్తే కారులో సెట్టింగులు ఏమైనా పోతాయా? ఏ టెర్మినల్ ముందు తీయాలి?

ఏజీఎం_వాడిని:

గడియారం, రేడియో స్టేషన్లు, అద్దాలు ఒక్క నొక్కుకి పైకి వెళ్లడం లాంటివి పోతాయి, మళ్లీ పెట్టుకోవచ్చు. మ్యూజిక్ సిస్టమ్‌కి కోడ్ ఉంటే ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. డిక్కీ కరెంట్ లాక్‌తో మాత్రమే తెరుచుకునేదైతే సామాన్లు ముందే తీసేయండి, ఎడమ వైపు ఒక తలుపు, బానెట్ తెరిచే ఉంచండి. తీసేటప్పుడు మైనస్ ముందు, ప్లస్ తర్వాత. పెట్టేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. ప్లస్ మొదట విప్పితే స్పానర్ బాడీకి తగిలిందంటే మెరుపు మెరుస్తుంది. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి, నిలువుగానే మోసుకెళ్లండి. బయట పెట్టి ఛార్జ్ చేస్తున్నారు కాబట్టి రెండు క్లిప్పులూ నేరుగా టెర్మినల్స్‌కే, ఇక్కడ బాడీ లేదు కదా.

ఇనప_డబ్బా:

టెర్మినల్స్ మీద తెల్ల పొడి ఉంటే ఊడదీసినప్పుడే వంటసోడా నీళ్లతో కడిగి ఆరబెట్టు తమ్ముడూ, బిగించాక కాస్త వాజెలిన్ రాయి. ఛార్జ్ అయ్యాక ఆకుపచ్చ లైటు వచ్చిందని వెంటనే మీటర్ పెట్టి 13 ఉందని మురిసిపోకు, ఒక రాత్రి వదిలేసి పొద్దున చూడు. 12.6 నిలిస్తే ఇంకో ఏడాది లాగుతుంది. 12.3కి జారిపోతే మాత్రం ఛార్జర్‌ని బైకుకి ఉంచుకుని కారుకి కొత్త బ్యాటరీ చూసుకో.